నలుపు మాత్రమే పడిన కాగితం

కంటి ఆసుపత్రివాళ్లు మాయక్కాళ్‌ను వెనక్కి పంపడం అది రెండోసారి. తిరునెల్వేలిలో బస్సెక్కింది మొదలు కోవిల్‌పట్టి వచ్చేదాకా ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. అందులోంచి ఆమెకు కనిపించేది ఏమీ లేదని పక్కనున్న కోడలు ఉషకు తెలుసు. వెలుతురు ఎటువైపుందో తెలుస్తుంది, అంతే.

ఉష చేతిసంచిలో రక్తపరీక్ష కాగితం ఉంది. తిన్న రెండు గంటలకు రెండు వందల ఎనభై నాలుగు. రెండు వందల లోపుకి దిగితేనే ఆపరేషన్. నెల కిందట మొదటిసారి వెళ్లినప్పుడు రెండు వందల డెబ్బై ఉండింది. నెల రోజులు నోరు కట్టుకుంటే తగ్గాల్సింది పోయి పద్నాలుగు పెరిగింది.

డాక్టరు ఉషను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. పొర బాగా ముదిరిందమ్మా. ఇంకో నెల చూద్దాం. అంతకన్నా ఆలస్యమైతే, చేసినా చూపెంత వస్తుందో నేను చెప్పలేను."

ఎడమ కన్ను పోయి ముప్పై ఏళ్లయింది. పొలంలో వంగినప్పుడు పత్తికట్టె గుచ్చుకుంది. ఆ ఒంటికంటితోనే మాయక్కాళ్ పదకొండెకరాల నల్లరేగడి సాగు చేయించింది. భర్త పోయాక విత్తు కొలిచి ఇచ్చేదీ, కోసిన గింజను బస్తాలకు పట్టించేదీ ఆమే. రెండేళ్ల కిందట చూపు మందగించాక కొడుకు గోవిందరాజ్ ఆమెను పట్నంలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు పెరటి బాత్‌రూముకు పోవాలన్నా ఉష చేయి పట్టుకోవాలి. పట్టుకునే ముందు ప్రతిసారీ ఆమె ఒకసారి గొంతు సవరించుకునేది. రోజుకు ఏడెనిమిదిసార్లు ఆ చప్పుడు వినడం ఉషకు ఎంత కష్టంగా ఉండేదంటే, పిలవకముందే వెళ్లి పక్కన నిలబడేది. దానికి మాయక్కాళ్ ఇంకా చిన్నబుచ్చుకునేది.

బస్సు దిగాక మాత్రం ఒక్క మాట అంది. "ఉసా, నేను ఒక మెతుకు కూడు ముట్టలే. నీకు తెలుసు గదా?"

"తెలుసు అత్తా."

తెలుసనే అంది గాని, ఉష మనసులో అప్పటికే ఒక ముల్లు పడింది.

ఉష విరుదునగర్‌లో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు వంటింట్లోకి వచ్చింది. డబ్బాలన్నిటికీ చీటీలు, మాత్రలకు వేళలు, పాలవాడు పోసే పాలకు కొలత. అత్తకు చక్కెర జబ్బని తెలిసిన రోజే ఇంట్లో చక్కెర ఆగిపోయింది. బజారు నుంచి ఏ పొట్లం వచ్చినా తిప్పి వెనక చదవకుండా లోపల పెట్టేది కాదు. చక్కెర అన్న వరుస వెతికి, దాని ఎదుట సున్నా ఉంటేనే ఆ వస్తువు అత్త దాకా పోయేది.

అన్నం మానిపించింది. డాక్టరు తగ్గించమన్నాడు, ఉష మాన్పించేసింది. దాని బదులు సజ్జ సంగటి. "సద్దలు తిన్న మా కాలంలో ఎవురికీ ఈ పాడు జబ్బు లే," అని మాయక్కాళ్ సంతోషంగా తినేది. అది మన భూమిలో పండిన గింజ, దానికేం అడ్డని ఉష కూడా రెండు ముద్దలు అడిగితే మూడు పెట్టేది. ఇక పొద్దున, పదకొండుకు, రాత్రి పడుకోబోయే ముందు పచ్చాకు పొడి.

ఆ పేరు మాయక్కాళ్ పెట్టింది. గోవిందరాజ్ శివకాశిలో ఒక ప్రెస్సులో మెషిన్ సూపర్‌వైజరు. పొద్దునే ఏడు గంటల బస్సుకు పోయి రాత్రి ఎనిమిదికి వస్తాడు. ఆ ఏడు, రెండు వేల ఎనిమిదిలో, తినే వస్తువుల పెట్టెల మీద పోషకాల పట్టిక వేయాలన్న కొత్త నిబంధన వస్తుందని ప్రెస్సులో చేతినిండా పని. చక్కెర జబ్బువాళ్ల కోసం ధాన్యాల పొడి తయారుచేసే ఒక కంపెనీవాళ్లు తమ పెట్టె అతని మెషిన్ మీదే వేయించుకున్నారు. పని బాగా వచ్చిందని పొడి నింపిన ఒక డజను పెట్టెలు చేతిలో పెట్టారు. పెట్టె మీద పెద్ద పచ్చాకు. కింద పచ్చటి పట్టీలో తెల్లటి అక్షరాలు: చక్కెర కలపలేదు. మసక కంటికి ఆ పచ్చరంగు లీలగా కనబడేది. దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "మంచి ఆకు," అనేది మాయక్కాళ్. గ్లాసు నీళ్లలో మూడు పెద్ద చెంచాలు. ఉష ఒక్క పూట మరిచిపోలేదు.

ఇంత చేసినా రెండు వందల ఎనభై నాలుగు.

అయితే ఎక్కడి నుంచి వస్తోంది? ఉష లెక్క ప్రకారం ఒక్కటే దారి మిగిలింది. ఇంటికొచ్చినవాళ్లకు కాఫీలో వేయడానికి ఒక గాజుసీసాలో కరుపట్టి ముక్కలుండేవి. తాటిబెల్లం. మాయక్కాళ్‌కు ప్రాణం. ఉష ఒక సన్నటి కాగితపు చీలిక కత్తిరించి సీసాకు నిలువుగా అంటించింది. ముక్కలు ఎంతవరకు ఉన్నాయో పెన్సిలుతో గీత గీసి తేదీ వేసింది. చుట్టాలొచ్చి కాఫీ తాగి వెళ్లిన రోజున ఇంకో గీత. సీసాను మాత్రం అత్త చేతికి అందే అరలోనే ఉంచింది.

ముక్కలు ఆ గీతల కన్నా కిందికి దిగలేదు. దిగకపోతే తప్పు తనదని అనుకోవచ్చు గదా. అనుకోలేదు. పక్కింటి పాండీశ్వరిని అడిగింది. పాండీశ్వరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే మనిషి. వచ్చేటప్పుడు పిల్లలకు కడలైమిట్టాయి తెస్తుంది. వేరుశనగ అచ్చులకు పేరు పడ్డ ఊరది, వీధికొక దుకాణం.

"మా అత్త నీ దగ్గర ఏమైనా అడిగి తింటుందా పాండీశ్వరీ? సుమ్మా, ఊరికే అడుగుతున్నాను."

"అయ్యో, లే అక్కా! పావం, అవ్వ నా పిల్లోళ్లు ఇచ్చే ముక్క కూడా ఊరకే వాసన చూసి ఇచ్చేస్తాది."

ఆ మాట రెండు రోజుల్లో గోడ దాటి వచ్చింది. ఉష మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి మాయక్కాళ్ వంటింటి గడపలో కూర్చుని ఉంది.

"ఉసా, ఇట్ల రా."

"ఏమత్తా?"

"నేను పక్కింటోళ్ల పిల్లోళ్ల చేతిలోది పీక్కొని తింటానా?"

ఉష చేతిలోని ఖాళీ బకెట్టు కింద పెట్టింది.

"పదకొండెకరాల గింజ ఈ చేత కొలిసినాను. కూలోళ్లకు పడితో గింజ కొలిస్తే గోపురం కట్టి పోసినాను గాని గీసి పోయలే. కన్ను పోయింది, సరి, నీ చేయి పట్టుకుంటాను. ఈ చేయి దొంగచేయి అని నువ్వనుకుంటే, నాకు ఆ కన్నే వద్దు. పొమ్మను ఆ డాక్టర్ను."

"అత్తా, నేను అట్ల అనలేదు..."

"అనలే. అడిగినావు. రెంటికీ ఏం తేడా?"

ఆ మధ్యాహ్నం ఆమె బాత్‌రూముకు గోడ పట్టుకుని పోయింది. నీళ్ల తొట్టి అంచు మోకాలికి తగిలింది. చర్మం గీరుకుపోయినా ఉషను పిలవలేదు. మరునాడు పదకొండుకు గ్లాసు తెచ్చి పెడితే, తాగి, గ్లాసు నేల మీద బోర్లించి పెట్టింది. నాలుగు రోజులు ఆ ఇంట్లో మాటలు అవసరానికి మించి రాలేదు.

"మీ ఇద్దరికీ ఏమయింది?" అన్నాడు గోవిందరాజ్.

"ఏం లేదు," అంది ఉష.

"నీ పెండ్లాన్ని అడుగు. చదివిన పిల్ల," అంది మాయక్కాళ్.

ఆయుధపూజ వచ్చింది. ప్రెస్సులో మెషిన్లు తుడిచి బొట్లు పెట్టుకుంటారు, ఇళ్లలో అరలన్నీ దులుపుతారు. శివకాశి ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో అరల్లో పరిచే కాగితాలు కొనే అలవాటు లేదు. అచ్చు సరిగ్గా పడని షీట్లు కట్టలుగా తెచ్చుకుంటారు. పిల్లల పుస్తకాలకు అట్టలు అవే, కొట్టులో పొట్లాలు అవే. పండగకు ముందురోజు గోవిందరాజ్ ఒక కట్ట తెచ్చి వంటింట్లో పడేశాడు.

ఉష పాత కాగితాలు లాగేసి కొత్తవి కొలత ప్రకారం మడుస్తోంది. ఒక షీటు దగ్గర చేయి ఆగింది. కాగితం నిండా పెట్టె నమూనాలు, వరసకు నాలుగు, మొత్తం పన్నెండు. పెట్టె ఆకారం, మడతల గీతలు ఎక్కడో చూసినట్టుంది. కాని బొమ్మ లేదు. రంగు లేదు. తెల్లటి కాగితం మీద సన్నటి నల్ల అక్షరాలు మాత్రం చీమల బారులా ఉన్నాయి.

"ఇదేంటండి? ఏం పెట్టె ఇది?"

గోవిందరాజ్ తల తిప్పి చూశాడు. "అదా, అమ్మ తాగే పొడిదే. మెషిన్ సరిచేసేటప్పుడు నలుపు ప్లేటు ఒకటే వేసి చూసిన షీటు. పచ్చదనం రావాలంటే దాని మీద పసుపు, నీలం పడాలి. పడలేదు, అందుకే వేస్టు."

పచ్చాకు లేదు. పచ్చ పట్టీ లేదు గనక అందులోని తెల్ల అక్షరాలూ లేవు. కంపెనీవాళ్లు గట్టిగా చెప్పదలచుకున్నదంతా రంగులో ఉంది. తప్పనిసరిగా వేయాల్సింది మాత్రం నలుపులో మిగిలింది.

ఆ పట్టికను ఉష ఇంతకు ముందు చదవలేదని కాదు. ప్రతి పెట్టె వెనకా చూసింది. చూసి, చక్కెర అన్న వరుస దగ్గర సున్నా కనబడగానే పెట్టె తిప్పేసింది. ఇప్పుడు పైనుంచి చదివింది. కలిపినవి: గోధుమ, బియ్యం, మొక్కజొన్న, మాల్టోడెక్స్‌ట్రిన్. ఆ చివరి పేరు చూసి వేలు అక్కడే పెట్టింది. పిండిపదార్థాన్ని విడగొట్టి చేసేది అది. నోటికి తీపి అనిపించదు, ఒంట్లోకి పోయాక చక్కెర కావడానికి ఎంతోసేపు పట్టదు. కాలేజీలో పరీక్షకు రాసిన సంగతే. కింద పట్టిక. నూరు గ్రాములలో కార్బోహైడ్రేట్లు డెబ్బై ఎనిమిది. దాని కింద వరుస, చక్కెర సున్నా.

ఉష లేచి పొడి డబ్బా దించింది. తను రోజూ వేసే చెంచాతో మూడు చెంచాలు తీసి, బంగారం తూచినట్టు చిన్న త్రాసులో వేసింది. నలభై గ్రాములు. మూడు పూటలకు నూట ఇరవై. అందులో తొంభై గ్రాములకు పైగా పిండిపదార్థం. ఆ పొద్దు కట్టిన సంగటి ముద్ద తూచింది. తర్వాత అత్తకు ఇచ్చే చక్కెర లేని బిస్కెట్ల పొట్లం తిప్పింది. అక్కడా చక్కెర లేదు, మైదా ఉంది.

త్రాసు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. అత్త ఎక్కడా దొంగతనంగా తినలేదు. తినిపించింది తనే. వేళ తప్పకుండా, కలియబెట్టి, చేతికి అందించి.

మాయక్కాళ్ నడవలో మంచం మీద ఒత్తులు చేస్తోంది. దానికి చూపు అక్కర్లేదు, వేళ్లకు తెలుసు. ఉష వెళ్లి కింద కూర్చుంది.

"అత్తా, తప్పు నాది."

వేళ్లు ఆగలేదు. "ఏం తప్పు?"

"మీ సుగరు ఎక్కింది నా చేతి మీదుగానే. పచ్చాకు పొడిలో చక్కెర వేయలేదు, నిజమే. కాని అది అంతా బియ్యం, గోధుమ, మొక్కజొన్న. ఒంట్లోకి పోయినాక అదే చక్కెర అవుతుంది. నేను చక్కెర అన్న ఒక్క గీత చదివినాను, దాని పైది చదవలేదు. మిమ్మల్ని అనుమానించినాను."

మాయక్కాళ్ దూది తుంచి ఇంకో ఒత్తి మొదలుపెట్టింది.

"మరి సద్దలు?"

"సజ్జలు బియ్యం కన్నా మేలే అత్తా. కాని మూడు ముద్దలు తింటే..."

"మా అబ్బ నాలుగు తినేటోడు. ఎనబై ఏండ్లు బతికినాడు."

"తిని ఏం చేసేవారు?"

మాయక్కాళ్ ఒత్తి పక్కన పెట్టింది. "మడక పట్టి దున్నేటోడు," అంది. మంచం పట్టీని చేత్తో తడిమి, "నేను తిని మంచం మీద కూసుంటాను," అంది. ఆ తర్వాత ఆమె ముఖంలో కోపం కాదు, మరేదో వచ్చింది. "అంతా చదివినావు గదా ఉసా, కొలిసినావా?"

"ఇప్పుడే కొలిచినాను."

"విత్తే ముందు కొలవాల. విత్తినాక కొలిస్తే ఏం?" అని తన ట్రంకుపెట్టె తాళం అడిగింది. చీరల కింద తడిమి ఒక చిన్న ఇత్తడి కొలపాత్ర తీసింది. ఆళాక్కు. పడిలో ఎనిమిదో వంతు పట్టేది. ఊరు వదిలి వచ్చినప్పుడు భూమి పత్రాలతో పాటు ఆమె తెచ్చుకున్నది అదొక్కటే. "నా పొట్టకు ఎంత కావాలో దీంతో చెప్పు. గీసి పోయ్. గోపురం వద్దు."

మరునాడు పండగ ముగించుకుని ఇద్దరూ డాక్టర్ రంగరాజన్ దగ్గరికి పోయారు. ఆ వీధిలో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్న మనిషి. ఉష రాసుకొచ్చిన కాగితం చూసి అద్దాలు పైకి తోశాడు. "మూడు పూటలా ఈ పొడా? ఎవరు చెప్పారు?"

"నేనే సార్."

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. మాత్ర తగ్గించి రాశాడు. తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు చక్కెర మరీ కిందికి పడిపోవచ్చని, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే ఏదైనా తీపి పెట్టమని, నాలుగు రోజులకొకసారి రక్తం చూపించమని చెప్పాడు. ఇంట్లో ఏం తీపి ఉందని అడిగితే, "కరుపట్టి," అంది ఉష. సీసా మీది గీతలు గుర్తొచ్చి మాట మెల్లగా వచ్చింది.

ఆసుపత్రి గడువుకు పదహారు రోజులున్నాయి. మధ్యాహ్నానికి అర ఆళాక్కు సజ్జలు, గీసి. ఆ గింజతో అయ్యేది ఒక చిన్న ముద్ద. పక్కన కంచంలో సగం ఆక్రమించేటట్టు అవిసాకు, చిక్కుడు, సొరకాయ, కోడిగుడ్డు, మజ్జిగ. పదకొండుకు గుప్పెడు వేరుశనగలు, బెల్లం లేకుండా. మొదటి మూడు రోజులు మాయక్కాళ్ కంచం అడుగున వేళ్లతో వెతికేది.

"ఏమ్మే, ఇంకా ఉండాదా, పిల్లి తినిపోయిందా?"

"అంతే అత్తా."

"ఈ ఆకులు తిని తిని మేకనవుతాను. అప్పుడు కన్ను మనిసి డాక్టరు చేయడు, పశువుల డాక్టరు చేస్తాడు."

అయిదో రోజు సాయంత్రం ఉష పలకరిస్తే మాయక్కాళ్ బదులివ్వలేదు. ఉష వెళ్లి చూస్తే నుదురంతా చెమట, వేళ్లు వణుకుతున్నాయి. ఉష సీసా తెచ్చి ఒక ముక్క చిదిపి నోట్లో పెట్టింది. కాసేపటికి మాయక్కాళ్ కళ్లు తెరిచి, నాలుక కదిపి, "ఇదేంది, కరుపట్టినా?" అంది. ఏడాదికి పైగా ఆ రుచి ఎరగని మనిషి. ఇంకో ముక్క అడగలేదు. డాక్టర్ మర్నాడు ఇంకో మాత్ర కూడా సగం చేశాడు.

పదిహేనో రోజుకు కోవిల్‌పట్టిలో పరీక్ష చేయిస్తే నూట తొంభై ఒకటి వచ్చింది. పదహారో రోజు తిరునెల్వేలిలో నూట ఎనభై రెండు. ఆసుపత్రి వసారాలో ఆ అంకె ఉష చదివి చెప్పగానే మాయక్కాళ్ గొంతు సవరించుకుని చేయి చాచింది. ఈసారి ఆ చప్పుడు ఉషకు వేరుగా వినిపించింది.

ఆపరేషన్ అయ్యాక వారం రోజులు నల్లద్దాలు. ఆ వారంలో ఉష పని చేస్తూ చేస్తూ చాలాసార్లు అరలోని గాజుసీసా వైపు చూసింది. ఆ కాగితపు చీలిక గోటితో గీకితే వచ్చేస్తుంది. ఒకసారి తడిగుడ్డ కూడా చేతికి తీసుకుంది. మళ్లీ గుడ్డ తీగ మీద ఆరేసింది. చూపు రాకముందే దాన్ని చెరిపేస్తే, గుడ్డిదాని ఎదుట రెండోసారి దొంగపని చేసినట్టు.

ఎనిమిదో రోజు పొద్దున మాయక్కాళ్ ఒక్కతే లేచింది. ఉష పొయ్యి దగ్గర ఉండి వింటోంది. గొంతు సవరించుకున్న చప్పుడు లేదు. పెరటి తలుపు తీసిన చప్పుడు, చెంబుతో నీళ్లు ముంచిన చప్పుడు, మళ్లీ తలుపు. తర్వాత ఆమె వంటింట్లోకి వచ్చి ఒక్కొక్క అరా చూడసాగింది. రెండేళ్లు చేత్తో తడిమిన ఇంటిని కంటితో పరిచయం చేసుకుంటున్నట్టుంది.

"పర్వాలే, బాగానే తుడిసి పెట్టుకున్నావు," అంది. "ఈ కాగితంలో ఉండేది నా పొడిపెట్టె గదా, ఆకు ఏమాయె?"

అరలో పరిచిన నల్ల అచ్చు షీటు అది. "దాంట్లో ఆకు పడలేదు అత్తా. అది చూసే నాకు తెలిసింది."

మాయక్కాళ్ తలూపి పక్క అర వైపు జరిగింది. గాజుసీసా చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టి తిప్పింది. చీలిక మీద వేలు పెట్టింది.

"ఈ గీతలేంది?"

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. ఉష దించి పక్కన పెట్టింది. "మీరు తింటున్నారేమో అని నేను పెట్టిన గుర్తులు. పాండీశ్వరిని అడగక ముందే."

మాయక్కాళ్ సీసాను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. అక్షరాలు ఆమెకు రావు. కొలతలు వస్తాయి. పై గీత నుంచి కింది గీత దాకా ఒక్కొక్కటీ చూసింది.

"ఇదేంటికి దిగింది?"

"ఆ రోజు చుట్టాలొచ్చినారు. ఇది కూడా చుట్టాలే. ఈ చివరి గీత కింద తగ్గింది మీది. చెమటలు పట్టినప్పుడు నేను పెట్టిన ముక్క."

"అంతేనా?"

"అంతే."

ఆమె ఆ సీసాను ఇంకోసారి వెలుతురుకు పట్టింది. ఆ కొత్త చూపు తన ముఖం మీదికి ఎప్పుడు తిరుగుతుందా అని ఉష కాచుకుంది. అది తిరిగింది. కోపంగా లేదు, మెత్తగానూ లేదు. పడి పట్టుకున్న మనిషి గింజను చూసే చూపు.

"చించబాక," అంది మాయక్కాళ్, సీసాను అరలో ముందుకు, చీలిక బయటికి కనబడేట్టు పెడుతూ. "ఉండనీ. నా సాక్సి అది."

ఆ తర్వాత మేకుకు వేలాడే ఆళాక్కు తీసుకుని సజ్జల డబ్బా మూత తెరిచింది. గింజ ముంచి, చూపుడువేలితో పైన గీసి, ఎక్కువైంది డబ్బాలోనే రాలిపోనిచ్చింది. సగం తనకని చిన్న గిన్నెలో వంచింది. మిగిలిన సగం చేతిలో పట్టుకుని ఉష వైపు చూసింది.

"నీకెంత?"